అబార్షన్ అయ్యాక బీటా హెచ్‌సీజీ: 5 లోపుకు వచ్చేదాకా ఎలా చూసుకోవాలి

నెల తప్పాక ఆరో వారంలోనో ఎనిమిదో వారంలోనో గర్భం పోయినప్పుడు డాక్టర్ రాసే చీటీలో తరచూ ఒక రక్తపరీక్ష ఉంటుంది. బీటా హెచ్‌సీజీ, 48 గంటల తేడాతో రెండుసార్లు, అవసరమైతే ఆ తర్వాత వారానికోసారి. గర్భం ఉన్నప్పుడు రక్తంలో పెరిగే హార్మోనును ఇది కొలుస్తుంది, అంకె 5 లోపుకు వస్తే గర్భం పూర్తిగా పోయినట్టు లెక్క. బ్లీడింగ్ తగ్గగానే చాలామంది దీన్ని వదిలేస్తారు. అంతా అయిపోయింది కదా, మళ్లీ సూది ఎందుకని ఇంట్లోవాళ్లూ అంటారు. నిజంగా అయిపోయిందో లేదో చెప్పేది ఈ పరీక్షే. బ్లీడింగ్ ఆగినా లోపల ముక్క మిగిలి ఉండొచ్చు. గర్భసంచిలో కాకుండా దాని పక్కనున్న ఫాలోపియన్ ట్యూబులో గర్భం ఉన్నా బ్లీడింగ్ అవుతుంది, ఆగుతుంది కూడా.

ముందు ఒక మాట. రిపోర్టులో అంకె ఎంత బాగా తగ్గుతున్నా ఈ కింది వాటిలో ఏది కనిపించినా తర్వాతి పరీక్ష దాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి: గంటకు రెండు ప్యాడ్లు పూర్తిగా తడిసిపోవడం, అలా వరుసగా రెండు గంటలు సాగడం; పొత్తికడుపులో ఒక పక్కన పోటు; భుజం కొసన నొప్పి; కళ్లు తిరిగి పడిపోవడం; 100.4 డిగ్రీలు దాటిన జ్వరం; దుర్వాసనతో తెల్లబట్ట. భుజం నొప్పికీ కడుపుకీ సంబంధమేమిటని అనుకోకండి. ట్యూబు పగిలి రక్తం కడుపులోకి చేరితే, పైన ఛాతీకీ కడుపుకీ మధ్య పొర అయిన డయాఫ్రమ్‌ను ఒరుసుకుని నొప్పి భుజంలో తెలుస్తుంది. హెచ్‌సీజీ తగ్గుతూ ఉండగానే ట్యూబు పగిలిన సందర్భాలు ఉన్నాయి. ఆంధ్రా, తెలంగాణల్లో 108కి ఫోన్ చేసినప్పుడు "గర్భం పోయింది, ట్యూబులో ఉందేమోనని అనుమానం" అని స్పష్టంగా చెప్పండి.

అంకె ఎందుకు తగ్గాలి

హెచ్‌సీజీని తయారుచేసేవి మాయగా మారబోయే కణాలు. గర్భం సరిగా ఎదుగుతుంటే మొదటి వారాల్లో ఈ హార్మోను రెండు మూడు రోజులకోసారి దాదాపు రెట్టింపవుతుంది. 8 నుంచి 11 వారాల మధ్య బాగా ఎక్కువగా ఉండి, ఆ తర్వాత తగ్గుతుంది. గర్భం పోయి ఆ కణాలు కూడా బయటికి వచ్చేస్తే కొత్తగా తయారయ్యేది ఉండదు. రక్తంలో అప్పటికే ఉన్నది మాత్రమే కరుగుతూ పోతుంది. మొదట్లో వేగంగా, చివర్లో నెమ్మదిగా.

కాబట్టి అంకె తగ్గకుండా నిలబడితే ఎక్కడో ఇంకా తయారవుతోందని అర్థం. ఆ ఎక్కడో అన్నది గర్భసంచిలో మిగిలిన ముక్క కావచ్చు, ట్యూబులో గర్భం కావచ్చు, ముత్యాల గర్భం (బిడ్డ సరిగా ఎదగక మాయ కణాలే బుడగల్లా పెరిగేది, మోలార్ ప్రెగ్నెన్సీ) కావచ్చు, మధ్యలో మళ్లీ నిలిచిన కొత్త గర్భమూ కావచ్చు. వరస పరీక్షలు ఈ నాలుగింటిలో ఏదీ లేదని తేల్చుకోవడానికే.

ఎవరికి తప్పదు, ఎవరికి అవసరం లేదు

అబార్షన్‌కు ముందు తీసిన స్కానింగ్‌లో గర్భసంచి లోపలే యోక్ శాక్ (తొలి వారాల్లో పిండానికి పోషణ ఇచ్చే చిన్న తిత్తి) గానీ పిండం గానీ కనిపించి, ఇప్పుడు స్కానింగ్‌లో సంచి ఖాళీగా ఉంటే చాలామందికి వరసగా రక్తపరీక్షలు అక్కర్లేదు. మూడు వారాల తర్వాత ఇంట్లో యూరిన్ టెస్ట్ చేసుకోమని చెప్పి పంపుతారు. డాక్టర్ అలా చెబితే మీ మీద అశ్రద్ధ అనుకోకండి.

ముందు స్కానింగే జరగనివాళ్ల విషయం వేరు. కిట్‌లో పాజిటివ్ వచ్చింది, నాలుగు రోజులకు బ్లీడింగ్ అయింది, అప్పుడు తీసిన స్కానింగ్‌లో ఏమీ కనిపించలేదు. ఇది పూర్తిగా పోయిన గర్భమా, కంటికి కనిపించనంత చిన్నగా ట్యూబులో ఉన్న గర్భమా అన్నది ఆ ఒక్క స్కానింగ్ చెప్పలేదు. వీళ్లకు వరస పరీక్షలు తప్పనిసరి.

డాక్టర్‌కు చూపించకుండా మెడికల్ షాపులో గర్భం పోయే మాత్రలు కొని వేసుకున్నవాళ్లూ ఇందులోకే వస్తారు. ఆ మాత్రలు ట్యూబులో గర్భం మీద పనిచేయవు, బ్లీడింగ్ మాత్రం తెప్పిస్తాయి. మాత్రలు వేసుకున్న సంగతి డాక్టర్ దగ్గర దాచకండి. ఏ మాత్ర, ఏ రోజు, ఎన్ని అన్నది చెబితేనే పరీక్షలు ఏ రోజుల్లో చేయించాలో వాళ్లు సరిగా నిర్ణయించగలరు.

ట్యూబులో గర్భానికి ఇంజక్షన్ తీసుకున్నవాళ్లకు, ముత్యాల గర్భం అని తేలినవాళ్లకు పద్ధతి ఇంకా కట్టుదిట్టంగా ఉంటుంది. అది కింద విడిగా ఉంది.

రక్తం ఇచ్చేటప్పుడు

ల్యాబ్ కౌంటర్లో "టోటల్ బీటా హెచ్‌సీజీ, క్వాంటిటేటివ్" అని అడగండి. చీటీలో ఉత్త "బీటా హెచ్‌సీజీ" అని ఉంటే ఒక్కోసారి "ఫ్రీ బీటా హెచ్‌సీజీ" బిల్లు వేసేస్తారు. అది మూడో నెలలో బిడ్డకు జన్యు లోపాల అనుమానం ఉందేమో చూసే డబుల్ మార్కర్‌లో భాగం, వేరే పరీక్ష. రిపోర్టులో యూనిట్ల దగ్గర నానోగ్రాములు అని కనిపిస్తే మీకు చేసింది అదేనని అర్థం, దాన్ని ఈ వరసలో కలపకూడదు. మీకు కావలసిన రిపోర్టులో మిల్లీ ఐయూ పర్ ఎంఎల్ అని గానీ, ఐయూ పర్ లీటర్ అని గానీ ఉంటుంది. ఈ రెండింటికీ అంకె ఒకటే. లండన్‌లో మొదటి పరీక్ష చేయించుకుని విజయవాడ వచ్చినవాళ్లు యూనిట్ మార్చి లెక్క కట్టే పని లేదు, ల్యాబ్ మారిందన్న సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి.

పరగడుపున వెళ్లక్కర్లేదు. తిని, నీళ్లు తాగి వెళ్లండి. రక్తం పోయి నీరసంగా ఉన్న రోజుల్లో ఖాళీ కడుపుతో వరుసలో నిలబడితే కళ్లు తిరుగుతాయి.

అన్నిటికన్నా ముఖ్యం, ప్రతిసారీ ఒకే ల్యాబ్‌కు వెళ్లడం. హెచ్‌సీజీని పట్టే మిషన్లు, కెమికల్స్ కంపెనీకో రకం. ఒకే రక్తాన్ని రెండు ల్యాబుల్లో ఇస్తే రెండు వేర్వేరు అంకెలు రావడం మామూలే. ఒకచోట 310, ఇంకోచోట 350 వస్తే పెరిగిందో, మిషన్ తేడానో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. మీ వీధిలో ఉన్నది ఉత్త కలెక్షన్ సెంటర్ కావచ్చు, శాంపిల్ ఒకసారి ఒక ల్యాబ్‌కు, ఇంకోసారి మరో ల్యాబ్‌కు వెళ్లొచ్చు. రిపోర్టు కింద "ప్రాసెస్డ్ ఎట్" అని సన్నటి అక్షరాల్లో ల్యాబ్ పేరు, పక్కన పద్ధతి పేరు ఉంటాయి: సీఎల్ఐఏ, ఈసీఎల్ఐఏ, సీఎంఐఏ ఇలా. రెండు రిపోర్టుల్లో ఈ రెండు వివరాలూ ఒకటేనా అని చూడండి. ఇంటికి వచ్చి రక్తం తీసే సర్వీసు వాడినా ఇదే చూసుకోవాలి.

48 గంటలంటే రక్తం తీసిన సమయం నుంచి రక్తం తీసిన సమయానికి. రిపోర్టు వచ్చిన టైమ్ కాదు. రిపోర్టు మీద "కలెక్టెడ్", "రిపోర్టెడ్" అని రెండు టైములుంటాయి, మొదటిదే లెక్క. సోమవారం ఉదయం పదింటికి ఇస్తే బుధవారం ఉదయం పదింటికి ఇవ్వండి. ఆదివారం ల్యాబ్ మూసి ఉంటుందని సోమవారానికి మారితే ఫర్వాలేదు, కానీ మధ్యలో 72 గంటలు గడిచాయని డాక్టర్‌కు చెప్పండి. అది చెప్పకపోతే మామూలు తగ్గుదల చాలా మంచి తగ్గుదలలా కనిపిస్తుంది.

జుట్టుకూ గోళ్లకూ బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే డాక్టర్‌కూ ల్యాబ్‌లోనూ చెప్పండి. 5, 10 మిల్లీగ్రాముల మాత్రలు ఇప్పుడు ఇళ్లల్లో మామూలైపోయాయి. బయోటిన్ ఆధారంగా పనిచేసే మిషన్లలో ఇది అసలు కన్నా తక్కువ అంకె చూపిస్తుంది. ఇక్కడ తప్పుడు తక్కువ అంకె ప్రమాదం, ఎందుకంటే పని పూర్తయిందని నమ్మించి మిమ్మల్ని ఇంటికి పంపేస్తుంది. కనీసం రెండు రోజుల ముందు ఆపండి, డోసు ఎక్కువైతే ఎన్నాళ్ల ముందు ఆపాలో అడగండి.

శాతం లెక్క

మొదటి అంకెలోంచి రెండో అంకె తీసేయండి. వచ్చినదాన్ని మొదటి అంకెతో భాగించి వందతో గుణించండి.

సోమవారం 1,840, బుధవారం 790 వచ్చాయనుకోండి. తేడా 1,050. 1,050ని 1,840తో భాగిస్తే 0.57, అంటే 57 శాతం తగ్గింది. బాగా తగ్గినట్టే. ఆ తర్వాతి బుధవారం 62 వస్తే వారంలో 92 శాతం తగ్గింది. ఇంకో బుధవారానికి 3.4 వస్తే 5 లోపుకు వచ్చేసింది, పని పూర్తయింది.

మొదటి అంకె ఎంతన్నదాన్ని బట్టి, తనంతట తాను పూర్తిగా పోయిన గర్భానికి 48 గంటల్లో కనీసం 21 నుంచి 35 శాతం, వారంలో 60 నుంచి 84 శాతం తగ్గాలి. మొదటి అంకె పెద్దదైతే తగ్గే వేగమూ ఎక్కువ. ఇది కనీసపు గీత, దీనికన్నా నెమ్మదిగా తగ్గితే లోపల ఏదో మిగిలిందని అనుమానించాలి. గర్భం ఎక్కడుందో తెలియని సందర్భంలో బ్రిటన్‌లోని ఆరోగ్య సంస్థ నైస్ మార్గదర్శకాలు ఇంకా గట్టి గీత గీశాయి. 48 గంటల్లో 50 శాతానికి మించి తగ్గితే గర్భం నిలవడం లేదని తీసుకుని, 14 రోజులకు యూరిన్ టెస్ట్ చేసుకోమంటారు. 63 శాతానికి మించి పెరిగితే సంచిలోనే ఎదుగుతున్న గర్భం కావచ్చని మళ్లీ స్కానింగ్ చేస్తారు. ఈ రెంటికీ మధ్య ఏది వచ్చినా 24 గంటల్లోగా డాక్టర్ చూడాలి. 600 ఉన్నది 540 అయిందనుకోండి. తగ్గింది కదా అని ఇంట్లో కూర్చోవద్దు, ట్యూబులో గర్భం ఉన్నప్పుడు ఇలాంటి బద్ధకపు తగ్గుదల కనిపిస్తుంది.

రిపోర్టులో పక్కన వారాలవారీగా "4 వారాలు ఇంత, 5 వారాలు ఇంత" అని ఒక పట్టిక అచ్చవుతుంది. అది ఎదుగుతున్న గర్భానికి. మీ అంకెను దాంతో పోల్చుకుని "ఇంకా నాలుగో వారమే చూపిస్తోంది, బిడ్డ ఉందేమో" అని ఆశపడటం, మర్నాడు కుంగిపోవడం చాలామందికి జరిగేదే. ఆ పట్టికను దాటేయండి. ఒంటరి అంకె ఏమీ చెప్పదు, రెండో అంకె వచ్చాకే మాటలాడుతుంది.

ఒక నోటు పుస్తకంలో పేజీ తీసి అయిదు గడులు గీయండి: తేదీ, రక్తం తీసిన టైమ్, ల్యాబ్, అంకె, ఆ రోజు బ్లీడింగ్ నొప్పి ఎలా ఉన్నాయి. వాట్సాప్‌లో చెల్లాచెదురైన పీడీఎఫ్‌ల కన్నా ఈ ఒక్క పేజీ డ్యూటీ డాక్టర్‌కు అర్ధరాత్రి ఎక్కువ పనికొస్తుంది.

ఎన్నాళ్లు పడుతుంది

మొదలైన అంకెను బట్టి ఉంటుంది. కొన్ని వందల దగ్గర పోతే వారం పది రోజుల్లో, వేలల్లో ఉంటే రెండు మూడు వారాల్లో 5 లోపుకు వస్తుంది. తొమ్మిది పది వారాలప్పుడు పోతే అంకె అప్పటికే 50 వేలో లక్షో ఉండొచ్చు, నాలుగు నుంచి ఆరు వారాలు పట్టినా ఆశ్చర్యం లేదు. డీ అండ్ సీ (గర్భసంచిని గీకి శుభ్రం చేయడం) గానీ వ్యాక్యూమ్ (పీల్చి తీయడం) గానీ చేయించుకున్నవాళ్లకు కాస్త త్వరగా తగ్గుతుంది. మాత్రలతో అయినవాళ్లకు, మాత్రలకు ముందు ఇచ్చిన రక్తంతో పోలిస్తే వారంలో 80 శాతానికి పైగా తగ్గడం మంచి గుర్తు. అందుకే మాత్రకు ముందే ఒక శాంపిల్ ఇచ్చి ఉండటం మేలు. ఆ మొదటి అంకె లేకపోతే తర్వాతిది దేంతో పోల్చాలి?

వంద కిందికి దిగాక నడక మందగిస్తుంది. 14 ఉన్నది రెండు రోజులకు 12 అయిందని భయపడకండి, అంత చిన్న తేడా మిషన్‌లోనే ఉంటుంది. ఈ దశలో రోజు విడిచి రోజు చేయించడం డబ్బూ మనశ్శాంతీ రెండూ ఖర్చు, వారానికోసారి చాలు. కొన్ని ల్యాబులు 5 లోపు అంకె వేయకుండా "1.2 కన్నా తక్కువ" అని రాస్తాయి. అంటే మిషన్‌కు దొరకనంత తక్కువ, మీకు కావలసింది అదే.

తగ్గకుండా నిలబడితే

మొదట స్కానింగ్, అదీ లోపలి నుంచి చేసే ట్రాన్స్‌వెజైనల్ స్కానింగ్. గర్భసంచి పొర మందంగా ఉండి దాంట్లో రక్తప్రవాహం కనిపిస్తే ముక్క మిగిలిందని అర్థం. బ్లీడింగ్, జ్వరం లేకపోతే కొన్నాళ్లు ఆగి చూడటం, మిగిలినదాన్ని బయటికి తోసే మిసోప్రోస్టాల్ మాత్రలు, వ్యాక్యూమ్‌తో శుభ్రం చేయడం, ఈ మూడింటిలో మీకు ఏది సరిపోతుందో అడగండి. శుభ్రం చేయించుకుంటే తీసిన ముక్కను బయాప్సీకి పంపమని అడగడం మర్చిపోవద్దు. ముత్యాల గర్భాన్ని ఖాయం చేసేది ఆ బయాప్సీయే. తొలి వారాల్లో స్కానింగ్‌కు అది దొరక్కపోవచ్చు.

ట్యూబులో గర్భం అని తేలి గర్భకణాల ఎదుగుదలను ఆపే మెథోట్రెక్సేట్ ఇంజక్షన్ ఇస్తే లెక్క మారుతుంది. ఇంజక్షన్ వేసిన రోజు ఒకటో రోజు. నాలుగో రోజు, ఏడో రోజు రక్తం ఇవ్వాలి. నాలుగో రోజు అంకె పెరగడం మామూలు విషయం, ఆ రోజు రిపోర్టు చూసి మందు పనిచేయలేదని బెంబేలెత్తకండి. నాలుగు, ఏడు రోజుల మధ్య 15 శాతమైనా తగ్గిందా అన్నదే ప్రశ్న. 1,200 ఉన్నది నాలుగో రోజు 1,450 అయి, ఏడో రోజు 1,110కి దిగితే 23 శాతం తగ్గినట్టు. ఆ తర్వాత 5 లోపుకు వచ్చేదాకా వారానికోసారి. 15 శాతం కన్నా తక్కువైతే రెండో డోసు గురించి డాక్టర్ ఆలోచిస్తారు. ఈ రోజుల్లో ఫోలిక్ యాసిడ్ పూర్తిగా ఆపాలి, మందుకు అది విరుగుడులా పనిచేస్తుంది. గర్భం కోసం తెచ్చిన మాత్రలు బలానికని ఇంట్లో పెద్దవాళ్లు వేయిస్తుంటారు, వాళ్లకు ఈ సంగతి చెప్పండి. నొప్పికి పారాసిటమాల్ తప్ప ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వద్దు. మందు తీసుకున్నాక మూడు నెలలైనా గర్భం రాకుండా చూసుకోవాలి.

ముత్యాల గర్భమైతే వారం వారం పరీక్ష చేసి, వరసగా మూడు వారాలు మామూలుగా వచ్చాక నెలకోసారికి మారుస్తారు. ఎన్ని నెలలన్నది బయాప్సీలో వచ్చిన రకాన్ని బట్టి, మీ డాక్టర్ పద్ధతిని బట్టి ఉంటుంది. ఒక నెల నుంచి ఆరు నెలల దాకా చెబుతారు. మూడు వారాల్లో తీసిన నాలుగు రిపోర్టుల్లో అంకె కదలకుండా పది శాతం అటూఇటూగా నిలబడినా, రెండు వారాల్లో తీసిన మూడు రిపోర్టుల్లో పది శాతానికి మించి పెరుగుతూ పోయినా అంతర్జాతీయ గైనకాలజిస్టుల సమాఖ్య ఫీగో ప్రమాణాల ప్రకారం చికిత్స మొదలుపెట్టాలి. మందులతో బాగా నయమయ్యే జబ్బిది, సమయానికి పట్టుకోవాలి అంతే. ఈ వరసలో ఒక్క వారం కూడా తప్పించవద్దు.

రక్తంలో 10, 20 దగ్గర నెలలు గడిచినా కదలకుండా ఉండి, యూరిన్‌లో నెగటివ్ వస్తుంటే ఇంకో సంగతి ఆలోచించాలి. కొందరి రక్తంలోని యాంటీబాడీలు మిషన్‌ను మోసం చేసి లేని హార్మోనును ఉన్నట్టు చూపిస్తాయి. ఇలాంటప్పుడు మాత్రం కావాలనే వేరే పద్ధతి వాడే ల్యాబ్‌లో చేయించాలి. ఈ సంగతి తేలకుండా మందులకూ ఆపరేషన్‌కూ ఒప్పుకోకండి.

ఇంట్లో కిట్‌తో

డాక్టర్ వేరే గడువు చెప్పకపోతే మూడు వారాలు పూర్తయ్యాకే వాడండి. కిట్లు 20, 25 దగ్గరే గీత చూపిస్తాయి కాబట్టి అంతకు ముందు చేస్తే పాజిటివ్ రావడం సహజం. ఉదయం మొదటి యూరిన్, కిట్‌లో ఇచ్చిన డ్రాపర్‌తో ప్యాకెట్ మీద చెప్పినన్ని చుక్కలు, అయిదు నిమిషాల్లో చూడాలి. సన్నగా మసకగా ఉన్నా గీత గీతే, పాజిటివ్ అనే తీసుకోండి. పావుగంట తర్వాత చెత్తబుట్టలోంచి తీసి చూస్తే కనిపించే బూడిద రంగు గీతకు విలువ లేదు. మూడు వారాలకూ పాజిటివ్ వస్తే రక్తపరీక్షకు వెళ్లండి. కిట్ ఉందా లేదా అని మాత్రమే చెబుతుంది, తగ్గుతోందో లేదో చెప్పదు, కాబట్టి రక్తపరీక్షలు రాసినవాళ్లకు ఇది బదులు కాదు.

పక్కనే చూసుకోవలసినవి

మీ బ్లడ్ గ్రూప్ నెగటివ్ అయితే మొదటి రోజే డాక్టర్‌కు చెప్పి, యాంటీ డీ ఇంజక్షన్ (తర్వాతి గర్భంలో బిడ్డ రక్తానికి హాని రాకుండా వేసేది) కావాలో అడగండి. ఇస్తే 72 గంటల్లోపు ఇవ్వాలి. 12 వారాల లోపు అందరికీ అవసరమా అన్నదానిపై వేర్వేరు మార్గదర్శకాలు వేర్వేరుగా చెబుతున్నాయి, అందుకే అడగటం మీ పని.

అంకె 5 లోపుకు వచ్చేదాకా కండోమ్ వాడండి. అబార్షన్ అయిన రెండు వారాలకే అండం విడుదల కావొచ్చు, ముట్టు రాకముందే మళ్లీ నెల తప్పొచ్చు. అప్పుడు తగ్గుతున్న అంకె మళ్లీ పెరుగుతుంది. అది కొత్త గర్భమో పాత ముక్కో తేల్చడానికి ఇంకో రెండు మూడు వారాల పరీక్షలు, ఆందోళన.

డిశ్చార్జి కాగితం, ఈ రిపోర్టులు జాగ్రత్త చేయండి. ప్రసూతి సెలవులపై 1961 నుంచీ చట్టంలో ఉన్న నిబంధన ప్రకారం, ఆ చట్టం కిందికి వచ్చే ఉద్యోగినికి గర్భస్రావం తర్వాత ఆరు వారాలు జీతంతో సెలవు ఉంది. దానికి ఆధారం చూపించాలి. చాలామందికి ఈ సెలవు ఉందనే తెలియక మూడో రోజే ఆఫీసుకు వెళ్లిపోతున్నారు.

5 లోపుకు వచ్చాక సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాల్లోపు ముట్టు వస్తుంది. ఎనిమిది వారాలైనా రాకపోతే కిట్ చేసి, నెగటివ్ వచ్చినా డాక్టర్‌ను కలవండి. ఇంజక్షన్ గానీ ముత్యాల గర్భం గానీ లేని మామూలు అబార్షన్ తర్వాత నెలల తరబడి ఆగాలన్న నియమం లేదు, మీ ఒళ్లూ మనసూ సిద్ధమైనప్పుడు ప్రయత్నించవచ్చు. ఈసారి ట్యూబులో వచ్చి ఉంటే, మళ్లీ పాజిటివ్ వచ్చిన వారంలోనే డాక్టర్‌కు చెప్పి ఆరో వారానికి స్కానింగ్ తీయించుకుని గర్భం సంచిలోనే ఉందని చూసుకోండి.